స్నానాల నీళ్లా, వాన నీళ్లా? మీ దొడ్డికి ఏది ముందు

ప్రశ్న: మాది భీమవరం పక్కన పల్లెటూరు. చుట్టూ రొయ్యల చెరువులే. 1000 చదరపు అడుగుల డాబా ఇల్లు, వెనక ఐదు సెంట్ల దొడ్డి. ఆరు కొబ్బరి చెట్లు, అరటి పిలకలు, ఒక నిమ్మ, చిక్కుడు పందిరి, దొండ పాదు, నాలుగు మల్లె పొదలు ఉన్నాయి. డాబా మీద గులాబీలు, ఆకుకూరలు కలిపి 30 కుండీల దాకా ఉంటాయి. ఇంట్లో నలుగురం. స్నానాలకు, వంటకు పంచాయతీ కుళాయి నీళ్లు, బట్టలకు, గిన్నెలకు బోరు నీళ్లు వాడతాం. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఏప్రిల్లో కాలువలు కట్టేశాక కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది, మొక్కలకు పోయడానికి నీళ్లు మిగలవు. పోయినేడు మల్లెలు, గులాబీలు సగం ఎండిపోయాయి. ఈసారి 25 వేలు పక్కన పెట్టాం. వాన నీళ్లు పట్టే ట్యాంకు పెడదామని మావారు, వాడిన నీళ్లే తోటకు మళ్లిస్తే చాలని మా మరిది, ఇంకుడు గుంత తవ్విద్దామని మా అబ్బాయి. ఏది చేయమంటారు? పేరు వేయవద్దు.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట ఏంటంటే, స్నానాలకు కుళాయి నీళ్లు, బట్టలకు బోరు నీళ్లు అని విడదీసి రాశారు చూడండి, అది. ఇలా అడిగేవాళ్లలో చాలామంది తోట ఎంత, డబ్బెంత అని రాస్తారు గానీ ఇంట్లో ఏ పనికి ఏ నీళ్లు వాడుతున్నారో రాయరు. డెల్టాలో, అందులోనూ రొయ్యల చెరువుల మధ్య ఉన్న ఊళ్లో, ఆ సంగతి తెలియకుండా సలహా చెప్పడం కుదరదు.

ముందే తేల్చి చెప్పేస్తాను. మీ మరిది చెప్పింది మొదట చేయండి, అయితే సగమే చేయండి. స్నానాల గది నీళ్లు తోటకు మళ్లించండి, బట్టలు ఉతికిన నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు మాత్రం అటు పోనివ్వకండి. మిగిలిన డబ్బుతో మీవారు కోరిన ట్యాంకు పెట్టుకోండి, చిన్నది చాలు. ఇంకుడు గుంత మీ చోట వద్దు.

ఎందుకంటారా? 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ మన ఊళ్ల నీళ్ల లెక్కంతా కాలువతోనే నడుస్తోంది. కాలువ పారినన్నాళ్లూ నీళ్ల గురించి ఎవరికీ పట్టదు, ఏప్రిల్లో కట్టేసి మళ్లీ జూన్‌లో వదిలేదాకా అందరికీ టెన్షనే. మీ తోటకు కష్టం వచ్చేది కూడా ఆ రెండు నెలల్లోనే. అందుకని ఏ పద్ధతి గురించి ఎవరు ఏం చెప్పినా, ఏప్రిల్, మే నెలల్లో రోజుకు ఎన్ని నీళ్లు చేతికొస్తాయి అని అడగండి.

వాన నీళ్ల లెక్క చూద్దాం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మీ డాబా 93 చదరపు మీటర్లు. మన వైపు ఏడాదికి సుమారు 1100 మిల్లీమీటర్లు పడుతుంది కాబట్టి, డాబా పీల్చుకునేది, మొదట్లో వదిలేసేది పోను 80 శాతం దక్కినా 80 వేల లీటర్ల పైనే. వింటే ఆశ పుడుతుంది. కానీ అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు దాకా పడేదే, తుపాను వస్తే నవంబరులో కూడా, అప్పుడు మీ దొడ్డికి నీళ్లు అక్కర్లేదు, ఉన్న నీళ్లు బయటికి పోయే దారి కావాలి. 30 మిల్లీమీటర్ల వాన ఒక్కటి పడితే 2000 లీటర్ల ట్యాంకు నిండిపోతుంది, ఆ తర్వాత పడిందంతా వీధి కాలువలోకే. ఇక ఎండాకాలంలో, కొబ్బరి సంగతి వదిలేసి కుండీలకు 60 లీటర్లు, మల్లెలకు 40, నిమ్మకు, పందిరికి, దొండకు కలిపి ఇంకో 50 అనుకున్నా రోజుకు 150 లీటర్లు కావాలి. 60 రోజులకు 9000 లీటర్లు. ప్లాస్టిక్ ట్యాంకులు రకాన్ని బట్టి లీటరుకు 5 నుంచి 10 రూపాయల దాకా ఉంటాయి, దానికి దిమ్మ, పైపులు అదనం. మీ 25 వేలకు అందే పని కాదు.

స్నానాల నీళ్లు చూడండి. నలుగురు, ఎండాకాలం రెండు పూటలా స్నానం, మనిషికి ఒక 20 లీటర్ల బకెట్ వేసుకున్నా రోజుకు 160 లీటర్లు. ఏ ట్యాంకూ అక్కర్లేదు, ఆకాశం వైపు చూడక్కర్లేదు, మే నెల నడిమధ్యలో కూడా పొద్దునా సాయంత్రం వచ్చి తీరతాయి. పైగా ఇది మనకు కొత్త విద్యేమీ కాదు. పెంకుటిళ్ల రోజుల్లో దొడ్లో స్నానాల గది తూము దగ్గర అరటో, కొబ్బరో లేని ఇల్లు ఉండేది కాదు. సెప్టిక్ ట్యాంకులు వచ్చి అన్ని పైపులనూ ఒకే దాంట్లో కలిపేశాక ఆ అలవాటు పోయింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను, ఉప్పు. ఇది కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే మీ మరిది చెప్పినట్టు మొత్తం నీళ్లు మళ్లిస్తే రెండు మూడేళ్లలో మీ దొడ్డి పాడైపోయే ప్రమాదం ఇక్కడే ఉంది.

బోరు నీళ్లలో ఉప్పు ఉంది. ఆ నీళ్లకు నురగ సరిగ్గా రాదు కాబట్టి బట్టల పొడి ఇంకో గుప్పెడు ఎక్కువ పడుతుంది. బట్టల పొడిలో ఉండే వాషింగ్ సోడా లాంటివన్నీ సోడియంతో చేసినవే. అంటే ఉతికిన నీళ్లలో బోరు ఉప్పు, పొడి సోడియం రెండూ కలిసి తోటకు వస్తాయి. ఇసుక నేల అయితే వాన వచ్చినప్పుడు కొంత కొట్టుకుపోతుంది, మీది ఒండ్రు కలిసిన బంకమట్టి, అది సోడియాన్ని పట్టుకుని వదలదు. సోడియం ఎక్కువైన బంకమట్టి గుల్లతనం పోగొట్టుకుంటుంది. నీళ్లు పోస్తే లోపలికి దిగవు, పైన జారుడుగా నిలుస్తాయి, ఎండితే పెచ్చులా గట్టిపడుతుంది, పలుగు దింపినా దిగదు. రైతులు కారు చౌడు అనేది దీన్నే. పైన తెల్లగా పూసే పాల చౌడును మంచి నీళ్లు నిలబెట్టి కడిగేయవచ్చు, కారు చౌడు అలా పోదు, జిప్సం వేసి, ఆ తర్వాత మంచి నీళ్లతో కడిగి చాలాకాలం తంటాలు పడాలి.

మీ నేల ఇప్పటికే అటు వెళ్తోందేమో ఇంట్లోనే చూసుకోవచ్చు. దొడ్లో రెండు మూడు చోట్ల నుంచి ఉసిరికాయంత ఎండు మట్టిగడ్డలు తీసుకోండి. గాజు గ్లాసుల్లో వాన నీళ్లు గానీ ఏసీ నుంచి కారిన నీళ్లు గానీ పోయండి, బోరు నీళ్లు వద్దు, వాటిలో ఉన్న ఉప్పు వల్ల ఫలితం తేడాగా కనిపిస్తుంది. గడ్డను మెల్లగా అందులోకి జార్చి, కదపకుండా వదిలేయండి. గడ్డ విచ్చుకుని రవ్వలు రవ్వలుగా అడుగున పడి, పైన నీళ్లు తేటగా ఉంటే బాగున్నట్టే. అలా కాకుండా గడ్డ చుట్టూ పొగలాగా మడ్డి లేచి, అది కాస్తా గ్లాసంతా వ్యాపించి, మర్నాటికి కూడా తేరుకోకపోతే సోడియం పట్టిందని అనుమానించాలి. అలాంటప్పుడు జిప్సం ఎంత వేయాలో చూపు మేర చెప్పకూడదు, మట్టి పరీక్ష చేయించాలి. మీకు దగ్గర్లోనే ఉండిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, అక్కడ అడగండి.

నీళ్లలో ఎంత ఉప్పు కరిగి ఉందో కొలవడానికి చిన్న టీడీఎస్ మీటరు కొనండి, చేతిలో పట్టే పెన్ను లాంటిది, కొన్ని వందల్లో వస్తుంది. మీ 25 వేలల్లో అన్నిటికంటే మంచి ఖర్చు అదే అని నా అభిప్రాయం. సాగు నీళ్లకు ప్రపంచమంతా వాడే ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) కొలతల్లో లీటరుకు 450 మిల్లీగ్రాముల (మీటరులో పీపీఎం) లోపు ఉంటే దిగుల్లేదు, 450 నుంచి 2000 దాకా మొక్కను బట్టి, నేలను బట్టి జాగ్రత్తగా పోయాలి, 2000 దాటితే చాలా మొక్కలకు తట్టుకోవడం కష్టం. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు, స్నానం చేశాక తూములోంచి పట్టిన నీళ్లు, మూడూ కొలిచి ఒక కాగితం మీద రాసుకోండి. ఇంట్లో ఆర్వో మిషన్ ఉంటే దాని పక్క గొట్టంలోంచి వచ్చే నీళ్లు కూడా కొలవండి. వృథా ఎందుకని ఆ నీళ్లు కుండీలకు పోసేవాళ్లు చాలామంది ఉన్నారు, బోరుకు పెట్టిన మిషన్ అయితే ఆ గొట్టంలో వచ్చేది బోరు కన్నా చిక్కటి ఉప్పు నీళ్లు. గులాబీలకు అవి పోస్తే ఆకు అంచులు మాడిపోతాయి, కుండీ చుట్టూ తెల్లగా పూత కడుతుంది. మీ గులాబీలు పోవడానికి నీళ్లు చాలకపోవడమే కారణమో, అవసరం కొద్దీ బోరు నీళ్లు పోసి ఉంటే అదే కారణమో ఒకసారి గుర్తు చేసుకోండి.

పని ఎలా చేయించాలంటే, ముందు స్నానాల గది జాలీ కింద పైపు ఎక్కడికి పోతోందో చూపించమనండి. మరుగుదొడ్డి పైపులో కలవకముందే దాన్ని విడదీయాలి. కలిసిపోయాక ఆ నీళ్లు తోటకు వాడకూడదు, ఇందులో బేరం లేదు. విడదీసిన పైపును గోడ బయట చిన్న సిమెంటు తొట్టిలోకి దించి, అక్కడ వెంట్రుకలు, సబ్బు తెట్టు ఆగేలా నైలాన్ వలగుడ్డ కట్టండి, దాన్ని వారానికోసారి ఉతికి ఆరేయాలి. తొట్టి నుంచి రెండు దారులు, రెండింటికీ వాల్వులు: ఒకటి తోటకు, ఒకటి ఇప్పుడు పోతున్న చోటికే. ఈ రెండో వాల్వు లేకుండా మేస్త్రీ పని ముగించేస్తానంటే ఒప్పుకోకండి. బాత్రూమ్ యాసిడ్‌తోనో ఫినాయిల్‌తోనో కడిగిన రోజు, తలకు రంగు వేసుకున్న రోజు, ఇంట్లో ఎవరికైనా విరేచనాలు పట్టుకున్నప్పుడు, చంటిపిల్లల గుడ్డలు అక్కడ ఉతికినప్పుడు నీళ్లు అటే పోవాలి. జూన్‌లో వానలు పట్టుకున్నాక తోట వాల్వు పూర్తిగా మూసేయండి. తడి నేలలోకి ఇంకా నీళ్లు తోస్తే వేర్లు కుళ్లుతాయి, పైగా మీరు ఎండాకాలమంతా సబ్బు నీళ్లు పెట్టిన నేలను వాన కడిగే సమయం అది, కడగనివ్వండి.

తోటలో పైపును పది అడుగులకు అంగుళంన్నర వాలు ఉండేలా వేయించి, చివర మెత్తటి గొట్టం తగిలించుకుంటే అరటికో రోజు, కొబ్బరికో రోజు, దొండకో రోజు మార్చుకోవచ్చు. పాదును చెట్టు మొదలుకు ఆనించి కాకుండా కాస్త దూరంగా గుండ్రంగా తీసి, అందులో కొబ్బరి డొక్కలు బోర్లించి పరవండి, ఆ డొక్కల కింద నీళ్లు పడాలి. అలా అయితే ఆవిరి తగ్గుతుంది, పిల్లలు తొక్కరు, వాసన రాదు. డ్రమ్ములో పట్టి రేపు పోద్దాం అనే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. ఒక రోజు దాటితే ఆ నీళ్లు కంపు కొడతాయి.

దోమల మాట ఇక్కడ గట్టిగా చెప్పాలి. గోదావరి జిల్లాలు బోదకాలుకు పేరుపడ్డ చోట్లు, పెద్దవాళ్లను అడిగితే ప్రతి వీధిలో ఎవరో ఒకరిని గుర్తు చేసుకుంటారు. ఆ జబ్బు మోసే క్యూలెక్స్ దోమకు నిలవ ఉన్న మురికి నీళ్లంటే చాలా ఇష్టం, ఎండాకాలం వేడికి గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. కాబట్టి పాదులో పడ్డ నీళ్లు అరగంటలో ఇంకిపోవాలి. ఇంకకపోతే పాదు పెద్దది చేయండి, లేదా ఇంకో చెట్టుకు మార్చండి. తొట్టి అడుగున నీళ్లు నిలవకుండా పైపు అడుగునే పెట్టించండి, పైన మూత ఉండాలి. వాన నీళ్ల ట్యాంకుకూ ఇదే జాగ్రత్త, అక్కడ వచ్చేది డెంగీ దోమ, దానికి శుభ్రమైన నీళ్లు కావాలి. మూతకు, పైన పొర్లిపోయే గొట్టానికి, నీళ్లు దిగే చోట దోమతెర బిగించండి.

ఏ మొక్కకు ఏ నీళ్లో చెప్తాను. స్నానాల నీళ్లు కొబ్బరికి, అరటికి, దొండ పాదుకు, మల్లెలకు నిశ్చింతగా పెట్టండి. కొబ్బరి ఉప్పును బాగానే ఓర్చుకుంటుంది, దొండకాయలు పందిరి మీద ఉంటాయి కాబట్టి నీళ్లు కాయకు తగలవు. చిక్కుడు, నిమ్మ, గులాబీ ఉప్పుకు తట్టుకోలేవు, వాటికి కుళాయి నీళ్లో, వాన నీళ్లో. ఆకుకూరలకు, కొత్తిమీర పుదీనాలకు, ముల్లంగి లాంటి దుంపలకు స్నానాల నీళ్లు అసలు వద్దు, మనం తినే భాగానికే ఆ నీళ్లు తగులుతాయి. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు వాటికి పోయండి. మీ ఇంట్లో గేదె లేదు కాబట్టి కుడితి గోలెంలోకి పోవాల్సినవన్నీ ఆకుకూరలకే. అయితే వంటింట్లో బియ్యం కూడా కుళాయి నీళ్లతోనే కడగాలి. ఏసీ ఉంటే ఆ గొట్టం కింద బకెట్ పెట్టండి, మన కోస్తా ఉక్కకు రాత్రంతా నడిస్తే చాలా నీళ్లు కారతాయి, వాటిలో ఉప్పు దాదాపు ఉండదు, గులాబీలకు అంతకన్నా మంచివి దొరకవు.

ఇంకో మాట, తలకు కుంకుడుకాయ రుద్దుకుంటే ఆ నీళ్లు చెట్లకు ఫర్వాలేదు గానీ చేపలకు విషం. మీ తూము నీళ్లు పక్కవాళ్ల చేపల గుంటలోకి దిగకుండా చూసుకోండి.

ఇక మీవారి ట్యాంకు. స్నానాల గది పనికి పైపులు, వాల్వులు, తొట్టి, మేస్త్రీ కూలి అన్నీ కలిపినా మీ డబ్బులో సగం దాటకపోవచ్చు. మిగిలిన దాంట్లో 1000 లీటర్ల నల్ల ట్యాంకు ఒకటి, డాబా నీళ్లు దిగే గొట్టం కింద ఎత్తు దిమ్మ మీద పెట్టించండి. నల్లదే ఎందుకంటే లోపలికి వెలుతురు పోకపోతే పాచి పట్టదు. వాన మొదలైన మొదటి పది పదిహేను నిమిషాల నీళ్లలో కాకి రెట్టలు, దుమ్ము, ఆకులు ఉంటాయి, అవి పక్కకు పోయేలా ఒక మూత గొట్టం అమర్చాలి. అక్టోబరు నవంబరుల్లో చివరి వానలకు ట్యాంకు నింపి, బిగించేసి, ఏప్రిల్ దాకా ముట్టుకోవద్దు. కాలువలు కట్టకముందే ఊరి మంచినీళ్ల చెరువు నింపి పెట్టుకుంటారు కదా, అలాగే. మే నెలలో ఈదురుగాలితో ఒక్క వాన కొట్టి 15 మిల్లీమీటర్లు పడినా మీ డాబా నుంచి ట్యాంకు మళ్లీ నిండుతుంది. ఈ నీళ్లు చూస్తే తక్కువే, రోజూ అన్నిటికీ పోస్తే చిటికెలో అయిపోతాయి. నిమ్మకు, చిక్కుడుకు, గులాబీలకు దాచండి. కుండీల్లో తెల్ల పూత కనిపిస్తే పది రోజులకోసారి ఒక కుండీకి ఈ నీళ్లు అడుగు బెజ్జంలోంచి బాగా కారేదాకా పోస్తే పేరుకున్న ఉప్పు దిగిపోతుంది. ఆకుకూరలు మే నెలలో వేయడం మానేసి, ఉన్న కుండీలన్నిటినీ కొబ్బరి నీడలోకి ఒక చోటికి చేరిస్తే నీళ్ల ఖర్చు ఇంకా తగ్గుతుంది.

అబ్బాయి ఇంకుడు గుంత అన్నాడంటే మంచి మనసుతోనే అన్నాడు, వాడిని కోప్పడకండి. అనంతపురంలో, మెట్ట ఊళ్లలో అది మంచి పనే, అక్కడ నీళ్లు ఎక్కడో లోతున ఉంటాయి. మీ చోట వానాకాలంలో నాలుగైదు అడుగులు తవ్వితే గుంతలో నీళ్లు వాటంతటవే ఊరతాయి, ఇక ఇంకేదెక్కడికి? దానికి తోడు పక్కన రొయ్యల చెరువుల ఉప్పు ఊట. మీరు లోపలికి పంపిన మంచి నీళ్లు ఏప్రిల్లో మీ బోరులోకి మంచిగానే వస్తాయన్న నమ్మకం లేదు. నరసాపురం అవతల, సముద్రానికి దగ్గరగా ఇసుక మెరకల మీద ఇళ్లున్నవాళ్లకు మాత్రం ఇది వర్తించదు, అక్కడ ఇసుకలో ఉప్పు నీళ్ల మీద మంచి నీళ్లు తేలుతూ ఉంటాయి, వాన నీళ్లు ఇంకితే ఆ పొర నిలబడుతుంది, వాళ్లు తప్పకుండా ఇంకించాలి, బోరు కూడా ఒక్కసారిగా గట్టిగా లాగకూడదు. అబ్బాయికి ఏదో ఒక పని అప్పగించాలంటే ఆ టీడీఎస్ మీటరు చేతికివ్వండి, నెలకోసారి అన్ని నీళ్లూ కొలిచి రాయమనండి.

మే నెలలో కుళాయి మరీ తగ్గిపోయి స్నానాలకు కూడా బోరే దిక్కయితే, ఆ తూము నీళ్లు ఇక పాత తూము నీళ్లు కావు. అలాంటి రోజుల్లో గొట్టం కొబ్బరికే పెట్టండి, మీటరులో 2000 దాటి కనిపిస్తే అదీ వద్దు, రెండో వాల్వు తిప్పేయండి. మల్లెలకు ఆ రోజుకు ట్యాంకులోంచి రెండు చెంబులు పోస్తే చాలు, కాలువ వదిలేదాకా ప్రాణం నిలుపుకుంటాయి.